రైలు పాటలో దాచిన గోలు

దలూకా డప్పుకు నిప్పుల సెగ చూపించకుండా వాయిస్తే మూలుగుతుంది. మట్టి కుండకు బిగించిన మేకతోలు చలిగాలికి మెత్తబడిపోతుంది. అందుకే ఏ పెళ్ళింటికి వెళ్ళినా అవదియ్య పిన్ని మొదట అడిగేది కాఫీ కాదు, నిప్పులు.

"నా పిల్లకి చలేస్తోంది, ముందు కుంపటి పట్రండమ్మా" అంటుంది డప్పును ఒళ్ళో పడుకోబెట్టుకుని. తోలు మీద వేలితో కొట్టి, తల వంచి వింటుంది. మళ్ళీ సెగ చూపిస్తుంది. ఆ చప్పుడు తనకు నచ్చేదాకా పెళ్ళివారు ఎంత తొందరపెట్టినా వినిపించుకోదు.

అత్బరా రైల్వే క్వార్టర్లలో ఆవిడ పాట తెలియని ఆడది లేదు. గొప్ప రాగాలేమీ ఉండవు. పెళ్ళికొడుకు నడక మీద, అత్తగారి మేక మీద, ఏనాడూ వేళకు రాని ఖార్టూమ్ బండి మీద అప్పటికప్పుడు అల్లే పాటలు. కానీ ఆ దరువు మొదలయ్యాక భుజాలు కదపకుండా కూర్చోగలిగిన వాళ్ళను నేను చూడలేదు. ఒకసారి మా వీధిలో సామియా అనే ఆవిడ కడుపు పోయి, గోడవైపు తిరిగి పడుకుని, ఎవరు పిలిచినా పలకడం మానేసింది. పిన్ని వెళ్ళి ఆ నులకమంచం పట్టె మీద కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. పక్కనున్న టీ పళ్ళెం మీద రెండు వేళ్ళతో దరువు వేస్తూ, సామియా అత్తగారి మేక డాక్టరు గారి గొడుగు తినేసిన సంగతి పాటగా కట్టింది. అది నిజంగా జరిగిందే. గొడుగు కర్ర మిగిలిందన్న చోట గోడవైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. కాసేపటికి సామియా లేచి కూర్చుని గంజి అడిగింది.

నన్ను లేపింది కూడా ఆవిడే. అమ్మ పోయాక నేను బడి మానేసి తమ్ముళ్ళకు రొట్టెలు కాలుస్తూ ఉండేదాన్ని. మాట్లాడాలంటే గొంతు పట్టేసేది. ఇప్పటికీ అంతే. పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడి, "మాట్లాడకపోతే పోనీవే తయ్బా, చప్పట్లైనా కొట్టు, నాకు వంతకి మనుషులు తక్కువయ్యారు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ వెనక కూర్చుని చప్పట్లు కొడుతున్నాను. పాడను. చూస్తూ ఉంటాను. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే నేను చేతులను చూస్తాను. డప్పు మీది చేతులు, టీ పోసే చేతులు, ఒళ్ళో ఖాళీగా ఉన్న చేతులు.

పిన్ని కుడిపక్కన చిన్న డప్పు పట్టుకునేది ఇహ్సాన్. పిన్నికి చెల్లెలి కూతురు. తల్లి కనగానే పోతే పిన్నే తెచ్చి పెంచింది. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. ఇహ్సాన్‌కు నడక రాకముందే దరువు వచ్చిందని పిన్ని అందరికీ చెప్పేది. వంతకు కూర్చునే మాకెవరికీ చెప్పని సంగతులు కూడా ఇహ్సాన్‌కు చెప్పేది. వాటిలో అన్నిటికన్నా పెద్దది, గోలు ఎక్కడ పెట్టిందో.

పెళ్ళికూతుళ్ళు పిన్ని దగ్గరికి వచ్చేదే దానికోసం. నెల రోజులు తలుపు వేసుకుని ఆట నేర్పుతుంది. ఆట నేర్పేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానీ పెళ్ళికొడుకు ఎదురుగా ఎర్ర చాప మీద ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి ఒళ్ళు వదిలేసి వెనక్కి పడిపోవాలే, అది ఏ మాట దగ్గర, ఏ దెబ్బ దగ్గర అన్నది పిన్ని పెట్టినంత మెలికగా ఎవరూ పెట్టలేరు. నేల తాకకముందే పెళ్ళికొడుకు పట్టుకుంటే మగపెళ్ళివారి గెలుపు. పట్టుకోలేకపోతే ఆడపెళ్ళివారు గోలు, గోలు అని అరిచి ఇల్లు ఎగరగొడతారు. మనవలు పుట్టాక కూడా ఆ గోలు గురించి చెప్పుకుంటారు. పడని గోలు గురించి ఇంకా ఎక్కువ చెప్పుకుంటారు.

రుఫైదా అందుకే వచ్చింది. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. అక్క పెళ్ళిలో ఒక్క గోలు కూడా పడలేదు. ఇప్పటికీ ఎవరింట శుభకార్యమైనా, ఆ అక్క అత్తవారు "మా కోడలు పడ్డప్పుడల్లా మావాడి చేతిలోనే పడింది, బుద్ధిమంతురాలు" అని నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది. ఆ నవ్వు నేను చూశాను.

"నాకు చాలా వద్దు పిన్నీ. ఒక్కటి చాలు. మా అక్క ఎదురుగా పడాలి" అంది రుఫైదా.

"ఏ పాటంటే నీకు ఒళ్ళు తేలిపోతుందే?"

"రైలు పాట."

ఆ పాట పిన్నిదే. బండి కదులుతుంది, కిటికీలోంచి గాజుల చెయ్యి కనిపిస్తుంది, ఒక్కో స్టేషనులో ఒక్కో వరుడు టీ గ్లాసు పట్టుకుని నిలబడితే పిల్ల అందరికీ చెయ్యి ఊపుతుందే తప్ప దిగదు. రుఫైదా తండ్రి బతికున్నప్పుడు వంటింట్లో గిన్నె మీద కొడుతూ కూతుళ్ళను ఆ పాటకు ఆడించేవాడట.

"సరే, రైలు పాటలోనే పెడతాను" అంది పిన్ని. "నీకూ నాకూ దేవుడికీ తెలియాలి. నా డప్పు పక్కన కూర్చునేవాళ్ళకి తప్పదు. ఈ గదిలోంచి బయటికి పోదు. పోతే ఈ డప్పు నేనే పగలగొడతాను."

గోలును ఒకచోట కాదు, నాలుగు పాటల్లో నాలుగు చోట్ల పెట్టింది. నాకు విడిగా చెప్పలేదు, వెనక కూర్చుని ఆవిడ చేతులు చూసి పట్టుకున్నాను. రైలు పాటలో కూత వేశాక డప్పు ఒక్క దెబ్బ మింగేస్తుంది. ఆ ఖాళీలో రుఫైదా పడాలి. మిగతా మూడూ అంతకన్నా తేలిక. ఇహ్సాన్ వాటిని రెండు రోజుల్లో పట్టేసింది. ఆ తర్వాత ఆట నేర్పే గదిలోకి రావడం తగ్గించింది. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు కడుపునొప్పి.

"ఏమే, నీ నొప్పులన్నీ సాయంకాలపు అసర్ నమాజు అయ్యాకే వస్తాయేంటే?" అని పిన్ని వేళాకోళం చేసింది. ఇహ్సాన్ నవ్వి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను పిండి తేవడానికి బజారుకు వెళ్తే, పెళ్ళికొడుకు అక్క నుసైబా ఇంటి గుమ్మం ముందు ఇహ్సాన్ చెప్పులు కనిపించాయి. లోపలినుంచి ఆర్గన్ మోత వస్తోంది. నుసైబా తమ్ముడి పెళ్ళికి పెద్ద విందు పెట్టబోతోందనీ, దానికి స్పీకర్లు తెప్పిస్తోందనీ ఊరందరికీ తెలుసు. ఆర్గన్ చూడటానికి వచ్చిందేమో అనుకున్నాను.

ఇహ్సాన్ రాని అలాంటి ఒక రోజే చాప సంగతి జరిగింది. పిన్ని ఇంట్లో చాప అంచు చిరిగి ఈనెలు పైకి లేచి ఉన్నాయి. రుఫైదా ఆడుతుంటే కాలి పట్టా అందులో ఇరుక్కుని, ధూపం కుంపటి పక్కన దభీమని పడింది. పిన్ని డప్పు ఆపలేదు. అదే ఊపులో అందుకుంది:

"చిరిగిన చాప చిలిపిది,
పిల్ల కాలు పట్టింది,
వరుడెక్కడని అడిగింది."

రుఫైదా పడ్డచోటే నవ్వుతూ దొర్లింది. నవ్వి నవ్వి కళ్ళవెంట నీళ్ళు కారాయి. నాకు కూడా నవ్వు ఆగలేదు. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం.

పెళ్ళి ఆట రోజు, ఎండ గోడ దిగుతున్న వేళ, ముంగిలి నిండా ఆడవాళ్ళు. మగవాడంటే పెళ్ళికొడుకు ముతసిం ఒక్కడే. లారీ సామాన్ల దుకాణం ఉంది అతనికి. మంచివాడే కానీ ఒళ్ళు బరువు. కూర్చుంటే లేవడానికి రెండు చేతులూ ఆనించాలి. అతన్ని చూడగానే రుఫైదా వైపు వాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు.

"ఈయన వంగేలోపు మనమ్మాయి పడి, లేచి, టీ తాగి రావచ్చే!" అంది ఒక ముసలావిడ.

పిన్ని డప్పు సెగ నుంచి తీసి వేలితో కొట్టింది. ఖంగుమంది. ముతసిం పెళ్ళికూతురి మీది ఎర్ర పట్టు ముసుగు తీశాడు. రుఫైదా కళ్ళు మూసుకుని, అరచేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆడటం మొదలుపెట్టింది.

మొదటి పాటలో పడింది. పట్టుకున్నాడు.

మగపెళ్ళివారు కేకలు పెట్టారు. "గాలివాటం" అనుకున్నాం. రెండో పాటలో పడింది. చేతులు ముందే చాచి ఉన్నాయి. మూడో పాటలో పిన్ని గోలు పెట్టినచోటు ఎంత మెలిక అంటే, వంతకు కూర్చునే మేమే తడబడతాం. అక్కడా పట్టుకున్నాడు. రుఫైదా ఇంకా పడనేలేదు, అతను అప్పటికే వంగి ఉన్నాడు.

"మావాడు గోలీ! మర్రీఖ్ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు కబురు పంపుతారు!" అని నుసైబా నాలుక ఆడించి సంబరపు కేకలు వేసింది. "ఏం అవదియ్యా, నీ డప్పుకి వయసయిపోయినట్టుందే?"

గోడ దగ్గర రుఫైదా అక్క నవ్వుతూ కూర్చుని ఉంది. అదే నవ్వు.

అతని చేతుల్లోంచి లేస్తూ రుఫైదా పిన్ని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వేనా అని అడుగుతోంది. పిన్ని చేయి ఒక క్షణం డప్పు మీద తడబడింది. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

నేను ముతసింను చూశాను. పెళ్ళికూతురు ఎదురుగా ఆడుతుంటే ఏ పెళ్ళికొడుకైనా ఆమెనే చూస్తాడు. ఇతని కళ్ళు ఆమె భుజం మీంచి మా వైపు ఉన్నాయి. ఎవర్ని చూస్తున్నాడా అని ఆ చూపు వెంట వెళ్ళాను. ఇహ్సాన్ మామూలుగానే వాయిస్తోంది. మూడో పాటలో గోలు రావడానికి ముందు ఒక చెయ్యి డప్పు మీంచి తీసి, జారని పైట కొంగును తల మీదికి లాక్కోవడం నాకు గుర్తొచ్చింది. రెండో పాటలోనూ లాక్కుంది. గాలి లేదు.



రైలు పాటకు ముందు పెళ్ళికూతురు బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. పిన్ని డప్పు వేడి చేయడానికి కుంపటి దగ్గరికి నడిచింది. నేనూ వెళ్ళాను. చెప్పాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. చుట్టూ జనం. ఇహ్సాన్ అవతల నుసైబాతో కలిసి కర్కదే షర్బతు తాగుతూ నవ్వుతోంది. పిన్ని నా వైపు తిరిగి, "ఏమైందే, దయ్యాన్ని చూసినట్టున్నావు?" అంది.

నేను నా పైట కొంగు పట్టుకుని తల మీదికి లాక్కున్నాను. ఇహ్సాన్ లాక్కున్నట్టే, ఎడమచేత్తో, కొంచెం గడ్డం ఎత్తి. తర్వాత ముతసిం వైపు చూశాను. మళ్ళీ అలాగే లాక్కున్నాను.

పిన్ని నన్ను చూసింది. ఇహ్సాన్‌ను చూసింది. నిప్పుల మీద డప్పు ఎక్కువసేపు ఉండిపోయి తోలు కమురు వాసన వచ్చింది. ఆవిడ గమనించలేదు. నేనే లాగాను.

"ఎవరితో అనకు" అంది మెల్లగా. వెళ్ళి తన చోట తాను కూర్చుంది. పక్కన ఇహ్సాన్ కూర్చుంటే ఎప్పటిలాగే జరిగి చోటిచ్చింది.

రైలు పాట మొదలైంది. ముంగిలి మొత్తం ఊగింది. పిల్లల్ని చంకనేసుకున్న వాళ్ళు, చేతికర్రల ముసలమ్మలు, అందరూ లేచారు. బండి కదిలింది, గాజుల చెయ్యి కనిపించింది, షెండీ స్టేషనులో వరుడు టీ చల్లారబెట్టుకున్నాడు. కూత వచ్చే చరణం దగ్గరపడింది. ఇహ్సాన్ చెయ్యి కొంగు మీదికి పోయింది. ముతసిం వంగాడు.

కూత వచ్చింది. డప్పు దెబ్బ మింగలేదు. గడగడా ముందుకు పోయింది.

రుఫైదా తడబడి, పడకుండా ఆగింది. మళ్ళీ పిన్ని వైపు చూసింది. ఆఖరిది కూడా లాగేసుకున్నావా అన్నట్టు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముతసిం వంగినవాడు వంగినట్టే ఉండి, ఏం చేయాలో తెలియక ఇహ్సాన్‌ను చూశాడు. ఇహ్సాన్ పిన్నిని చూసింది. పిన్ని ఎవర్నీ చూడలేదు. కళ్ళు మూసుకుని గొంతెత్తింది:

"బండి ఆగని ఊరు ఉంది,
ఆ ఊళ్ళో ఓ ఇల్లుంది,
ఇంట్లో చాప ఉందంట,
చిరిగిన చాప చిలిపిది..."

రుఫైదా పెదవులు విచ్చుకున్నాయి. నడుం ఒక్కసారి తిప్పి ముతసింకు దగ్గరగా వచ్చింది. అతని కళ్ళు ఇంకా ఇహ్సాన్ మీదే ఉన్నాయి. ఇహ్సాన్ కొంగు పట్టుకుని ఉంది, ఎప్పుడు లాగాలో ఆమెకు తెలియదు.

"పిల్ల కాలు పట్టింది!"

రుఫైదా పడింది. చాప మీద వీపు తాకిన చప్పుడు డప్పులోంచి కూడా వినిపించింది. ముతసిం చేతులు గాలిని పట్టుకున్నాయి.

"గోలు!"

గోడ దగ్గర నుంచి మొదటి కేక వేసింది రుఫైదా అక్క. చెప్పు ఒకటి ఎక్కడో పడిపోయి, జుట్టు ఊడి, చెల్లెల్ని లేపకుండా దాని మీదే పడి ముద్దులు పెట్టేసింది. ముతసిం కూడా తల గోక్కుంటూ నవ్వాడు. ఆ గోలలోనే నుసైబా గొంతు అందరికన్నా పైకి లేచింది:

"ఏంటే ఇహ్సాన్! అన్నీ చెప్తానన్నావు, ఇది చెప్పలేదేం?"

ఆవిడ కోపంలో అనేసింది. దగ్గరున్నవాళ్ళు ముందు ఆగారు, తర్వాత వెనకవాళ్ళు. చప్పట్లు ఒక్కో మూల నుంచి ఆరిపోయాయి. రుఫైదా చాప మీంచి లేచి కూర్చుంది. జుట్టుకు చాప పీచులు అంటుకుని ఉన్నాయి.

"అయితే గుట్టు మీ ఇంట్లోంచే పోయిందా పిన్నీ?" అంది.

పిన్ని "అవునమ్మా" అంది. డప్పు చంకన పెట్టుకుని లేచింది. విందుకు ఉండమని ఎవరూ అనలేదు.

ముగ్గురం ఇంటిదారి పట్టాం. పట్టాలు దాటేచోట ఇహ్సాన్ ముందు అంది:

"ఆటే కదమ్మా! గోలు పడితే ఏంటి, పడకపోతే ఏంటి? ఇల్లేమన్నా అమ్మేశానా?"

"ఎప్పటినుంచి?" అంది పిన్ని.

"వాళ్ళ తమ్ముడు బండోడు, అందరిముందు నవ్వులపాలవుతాడని నుసైబా బతిమాలింది. విందులో నన్ను పాడనిస్తానంది, ఆర్గన్‌తో, ముందు నిలబడి. నువ్వెప్పుడైనా ముందు పాట ఇచ్చావా నాకు? వంత, వంత, వంత! ముసలైపోయేదాకా వంతేనా?"

"అడగలేదేమే?"

"అడిగితే ఇచ్చేదానివా?"

పిన్ని నిలబడి ఆలోచించింది. ఆవిడ అబద్ధం చెప్తే బాగుండును అని నాకు అనిపించింది.

"ఇచ్చేదాన్ని కాదు. నీ గొంతింకా పండలేదు" అంది. "కానీ ఇహ్సానూ, ఆ పిల్ల వాళ్ళ అక్క సంగతి చెప్పి మరీ అడిగింది. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

ఇహ్సాన్ కొంగు తల మీదికి లాక్కుంది. ఈసారి ఎవరికీ సైగ చేయడానికి కాదు, ఏడుపు దాచుకోవడానికి. పిన్ని ఆ చెయ్యి చూసి ముఖం తిప్పుకుంది. మర్నాడు ఇహ్సాన్ తన బట్టలు మూటకట్టుకుని నుసైబా ఇంటికి వెళ్ళిపోయింది. పిన్ని ఆపలేదు. ఆ మంచం మీద మాత్రం ఇప్పటికీ ఒక పక్కకే పడుకుంటుంది.

ఇప్పుడు ఊళ్ళో ఏ పెళ్ళి అయినా స్పీకర్లలో ఇహ్సాన్ గొంతు వినిపిస్తుంది. రైలు పాటే ఎక్కువ అడుగుతారు. బాగా పాడుతుంది, కాదనలేను. మా వీధిలో నీళ్ళు మోసుకెళ్ళే ఆడవాళ్ళు కూడా ఆగి భుజాలు కదుపుతారు, ఎండలో అలసిన ముఖాలు ఒక్కసారి తేటపడతాయి. కూత దగ్గర మాత్రం ఆర్గన్ దెబ్బ మింగదు. అది యంత్రం, తన మానాన తాను పోతుంది. ఆ చోటు వచ్చినప్పుడల్లా పిన్ని చేతిలోని పని ఆగుతుంది. పాట దాటిపోయాక మళ్ళీ మొదలవుతుంది.

పెళ్ళికూతుళ్ళు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా ముందు గదిలో ఎవరున్నారో చూసుకుంటారు. పోయిన వారం ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బెరుకు పిల్ల, నాలాగే. తనకు కూడా రైలు పాటే కావాలంది. తల్లి నా వైపు ఒకసారి చూసి, పిన్ని చెవిలో ఏదో అంది.

పిన్ని డప్పు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తోలు నిమిరింది.

"తయ్బా, నువ్వు కాస్త బయట కూర్చోవే తల్లీ" అంది నా ముఖం చూడకుండా.

నేను లేచాను. గుమ్మం దాటాక వెనకనుంచి గడియ పడింది. ఎప్పుడూ వేయని గడియ, అందుకని బిగుసుకుపోయి రెండుసార్లు తోయాల్సి వచ్చింది.

అరుగు మీద కుంపటి ముందు కూర్చున్నాను. లోపల బండి కదిలింది. గాజుల చెయ్యి ఊగింది. ఆ పిల్ల నవ్వు వినిపించింది, మొదట బెరుకుగా, తర్వాత గట్టిగా. నా పాదం దానంతటదే తాళం వేస్తోంది. తలుపు ఎంత మూసినా నాకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళు ఆ చేతుల వెనకే కూర్చున్నాను, ఆవిడ ఎక్కడ దెబ్బ మింగబోతోందో ముందే తెలుస్తుంది. ఆ ఊపిరి బిగపట్టడం గోడలోంచి కూడా వినిపిస్తుంది.

కూత వచ్చే చరణం దగ్గరపడింది. నేను రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాను.